వార్ధక్యమున పెంపుడు కుక్క సంరక్షణము

మహాభారతమునకు మొదటను ఒక కుక్క కలదు. తుదను ఒక కుక్క కలదు. ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు ఒక కుక్కపిల్లను నిష్కారణముగా కొట్టగా, దాని తల్లియగు సరమ రాజును సమీపించి, నిరపరాధులను బాధించువారికి అనుకొనని భయములు కలుగునని హెచ్చరించినది. మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమున నడుగిడనని పట్టుపట్టెను. ఈ కథలను మనము పిల్లలకు మక్కువతో చెప్పుదుము. కాని ఇంటి కుక్క ముసలిదై, బొచ్చు రాలి, కాళ్ళీడ్చుకొని నడుచునాడు పెద్దలు దానియెడ ఎట్లు మెలగుదురో పిల్లలు చూచుచునే యుందురు. విన్న కథకంటె చూచిన నడవడియే వారి మనస్సులందు గట్టిగా నాటుకొనును.

"ముసలితనము గదా, ఇక నేమి చేయగలము?" అను మాట ఇట్టి సమయములందు తరచుగా వినబడును. వార్ధక్యము రోగము కాదు. ఎడతెగని దురదయు, కుంటును వయస్సుతో సహజముగా వచ్చు మార్పులు కావు. అవి వ్యాధి లక్షణములు. వానిలో కొన్నింటిని పూర్తిగా మాన్పవచ్చును. మాన్పరానివాని బాధనైనను మిక్కిలి తగ్గింపవచ్చును. అంతియ గాక, ఈ రెండును ఒకదానినొకటి పెంచునట్టివి. కీళ్ళ నొప్పిచే లేవలేని కుక్క ఒకేచోట పడియుండి చర్మమును పుండ్లు చేసికొనును. దురదచే నిదురలేని కుక్క నీరసించి నడక మానును. కావున రెండింటిని కలిపి చూచి చికిత్స చేయింపవలయును.

చర్మవ్యాధులు

కుక్క చర్మము మనుష్యుని చర్మముకంటె పలుచనిది. దాని ఆమ్లక్షార స్వభావమును వేరు. మనము వాడు సబ్బుతో దానిని తరచుగా తోమినచో చర్మము పొడిబారి, పగిలి, దురద హెచ్చును. దురదకు కారణము ఒక్కటి కాదు. కావున మందును ఒక్కటి కాదు. ఏ భాగమున బాధ మొదలైనదో గమనించినచో కారణము కొంతవరకు తెలియవచ్చును. నడుము మీదను, తోక మొదటను గోకుచున్నచో, బొచ్చులో గంతులువేయు చిన్న పురుగులను అనుమానింపవలెను. చెవుల అంచులయందును, మోచేతులయందును బొచ్చు రాలి, చర్మము పొరలు గట్టి, రేయింబవళ్ళు దురద యున్నచో అది గజ్జి కావచ్చును. పాదములను నాకుట, చంకలు, పొట్ట ఎఱ్ఱబారుట, చెవులు మాటిమాటికి చీముపట్టుట పడని పదార్థముల వలన కలుగు వికారమునకు గుర్తులు. దురద లేకయే రెండు ప్రక్కల సమానముగా బొచ్చు రాలి, కుక్క మందకొడియై బరువెక్కుచున్నచో థైరాయిడ్ గ్రంథి లోపమును పరీక్షింపవలెను. ఇది చర్మమునకు పూసిన మందుతో పోవునది కాదు.

కారణ మేదైనను, గోకిన చోట సూక్ష్మజీవులు చేరి చీముపట్టును; దుర్వాసన పుట్టును. పశువైద్యుడు చర్మమును కొద్దిగా గీకి సూక్ష్మదర్శినితో పరీక్షించుట అల్పవ్యయమైన పని. ఆ పరీక్ష చేయింపక అంగడిలో దొరకిన లేపనమును పూయుట వలన కాలమును, ధనమును వృథాయగును. గజ్జి పట్టిన కుక్కకు కిరసనాయిలు, వాడిన ఇంజను నూనె, ఫినాయిలు పూయు అలవాటు అక్కడక్కడ కలదు. ఇవి చర్మమును కాల్చును. నాకినపుడు కడుపులోనికి పోయి విషమగును. వీనిని ఎన్నడును వాడరాదు.

గోమార్ల విషయమున ఒక సంగతి తెలిసికొనవలెను. కుక్కను పట్టు గోధుమవన్నె గోమారి తన జీవితములో ఎక్కువకాలము కుక్కపై నుండదు. పిల్ల దశనుండి పెద్ద దశవరకు రక్తము త్రాగిన ప్రతిసారి క్రిందికి దిగి, గోడపగుళ్ళలోను, పరుపు మడతలలోను దాగి, మరల కుక్క నెక్కును. ఆడ గోమారి వేలకొలది గ్రుడ్లను పెట్టును. కావున కుక్కను మాత్రము శుభ్రము చేసిన చాలదు. అది పరుండు చోటును, గోడసందులను శుభ్రము చేయవలెను. ఇవి ఎర్లీకియా, బాబీసియా అను జ్వరములను కూడ తెచ్చును. మునుపటి జ్వరమున కీళ్ళు వాచి కుక్క కుంటుటయు కలదు. ఇందు చర్మబాధయు, నడకబాధయు ఒకే మూలమున కలియుచున్నవి. ఇప్పుడు నోటిద్వారా నిచ్చు గోమారి మాత్రలు కూడ కలవు. కుక్కకు మూర్ఛలు వచ్చు స్వభావమున్నచో ఆ సంగతి ముందుగా వైద్యునకు చెప్పవలెను.

వైద్యుడు క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూ నిచ్చినచో, నురుగును పది నిమిషములు ఒంటిపై నుంచి, పిదప బాగుగా కడిగి, తడి లేకుండ తుడువవలయును. యానాము వంటి తీరప్రాంతములందును, వర్షకాలమున అన్నిచోటులను, వ్రేళ్ళసందుల తడి నిలిచినచో బూజు జాతి సూక్ష్మజీవులు త్వరగా పెరుగును.

కీళ్ళబాధలు

పెద్దజాతి కుక్కలకు ఏడెనిమిది యేండ్లకే వార్ధక్య మారంభమగును. చిన్నజాతులకు పదియేండ్ల ప్రాంతమున. కీలులోని మెత్తని మృదులాస్థి అరిగి, ఎముక యొరసి, కీలు వాచును. కుక్క నొప్పికి ఏడ్వదు. అందుచేత దానికి నొప్పి లేదని భ్రమపడుదుము. లేచునపుడు ఆలస్యము, మెట్ల యొద్ద నిలిచిపోవుట, కొంతదూరము నడచినపిదప కుంటు తగ్గుట, ఒకే కీలును నాకుచుండుట, తాకినపుడు గుఱ్ఱుమనుట — ఇవి నొప్పికి సూచనలు. శాంతమైన కుక్క ముసలితనమున కోపిష్ఠి యైనదని చెప్పుకొనుచోట పలుమారు కారణము నొప్పియే.

మందులకు ముందు చేయవలసినది బరువు తగ్గించుట. 48 లాబ్రడార్ కుక్కలను పుట్టినది మొదలు జీవితాంతము పరిశీలించి, 2002లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. సగమింటికి, తక్కిన సగము తినుదానికంటె నూటికి 25 వంతులు తక్కువగా ఆహారమిడిరి. తక్కువ తిన్నవాని మధ్యస్థ ఆయుర్దాయము 13 సంవత్సరములు, తక్కినవానిది 11.2 సంవత్సరములు. కీళ్ళవ్యాధియు వానికి ఆలస్యముగా వచ్చినది. ప్రేమచే ఇడ్లీ, బిస్కత్తు, వేపుడు ముక్క పెట్టుచుండుట కుక్క కీళ్ళపై భారము మోపుటయే. ప్రక్కటెముకలు కంటికి పొడుచుకొని కనబడరాదు. చేతితో తడివినచో తెలియవలెను. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష కుక్కలకు పడవు.

తరువాత ఇంటిని సవరింపవలెను. నాపరాళ్ళు, మొజాయిక్, నున్నని పలకలు పఱచిన నేల ముసలి కుక్కకు మంచుగడ్డ వంటిది. జాఱి ఒకసారి కాళ్ళు విడిపోయినచో మరల నడువ వెఱచును. అది తిరుగు దారిలో కొబ్బరిపీచు పట్టలు గాని, గోనెలు గాని పఱచిన చాలును. పెరిగిన గోళ్ళను కత్తిరింపవలెను. అవి నేలకు తగులుచు వ్రేళ్ళను ప్రక్కకు త్రోయును. తిండిగిన్నెను పీటపై నుంచినచో మెడ వంచు శ్రమ కొందఱకు తగ్గును. ఒకేమారు దూరము నడిపించుటకంటె దినమునకు మూడు నాలుగు మారులు కొద్దిదూరము నడిపించుట మేలు. ఎండవేళ రహదారిపై అరచేతిని కొన్ని క్షణములుంచి చూడుడు. మన చేయి ఓర్వలేని వేడిని దాని పాదమును ఓర్వలేదు. వెనుకకాళ్ళు నిలువనిచో, పాత తువ్వాలును పొట్టక్రింద త్రిప్పి పట్టి ఆసరా యీయవచ్చును. కాళ్ళు హఠాత్తుగా చచ్చుపడినచో ఆలస్యము చేయరాదు. అది వెన్నెముకకు సంబంధించిన ఆపద కావచ్చును.

పొట్టి బొచ్చును, సన్నని దేహమును గల వేటజాతులకు ఒక చిక్కు అదనముగా కలదు. కర్ణాటకమున ముధోల్ కుక్క, మహారాష్ట్రమున కారవాన్ కుక్క, తమిళనాట రాజపాళయపు కుక్క ఇట్టివి. రాజపాళయము, తరతరములుగా అచట స్థిరపడిన తెలుగు రాజుల ఊరు. మన భాషవారి ఊరిపేరు ఒక కుక్కజాతికి ప్రసిద్ధిగా నిలిచినది. 2005లో భారత తపాలాశాఖ వెలువరించిన దేశవాళీ కుక్కల బిళ్ళలలో ముధోల్, రాజపాళయపు జాతులు రెండును కలవు. ఇట్టి కుక్కలకు ఎముకలపై క్రొవ్వు తక్కువ. ముసలితనమున గట్టినేలపై పరుండినచో మోచేతులు, తుంటి కాయలు కాచి, పిదప పుండ్లగును. రెండంగుళముల కంటె మందమైన మెత్తయు, రెండుమూడు గంటల కొకమారు ప్రక్క మార్చుటయు దీనికి నివారణము. రాజపాళయపు కుక్క తెల్లనిది, ముక్కు గులాబివన్నె. కావున తీవ్రమైన ఎండ దాని చర్మమును కాల్చును. వానిలో కొన్నింటికి పుట్టుచెవుడు కూడ కలదు.

మందుల విషయమున జాగ్రత్త

ఇంటిలోనున్న మనుష్యుల నొప్పిమాత్రలను కుక్క కీయరాదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ కడుపులో పుండ్లు చేసి మూత్రపిండములను చెఱచును. డైక్లోఫినాక్ ఇచ్చిన పశువుల కళేబరములను తిని రాబందులు నశించుటచే, పశువైద్యమునకై దాని తయారీని మన దేశమున 2006లో నిషేధించిరి. కుక్కలకై వేరుగా నొప్పిమందులు కలవు. రక్తపరీక్ష చేసి, బరువునుబట్టి మోతాదును వైద్యుడే నిర్ణయింపవలెను.

దురదకై ఇచ్చు స్టెరాయిడ్ మాత్రలు రెండు దినములలోనే అద్భుతముగా పనిచేయును. అందుచే వానిని మనమే మరల మరల కొని వాడుటకు మనసగును. దీర్ఘకాలము వాడినచో దాహము, ఆకలి హెచ్చి బరువు పెరుగును, కండరములు క్షీణించును, నడక మరింత చెడును. నొప్పిమందును, స్టెరాయిడ్‌ను కలిపి వాడుట కడుపున రక్తస్రావమునకు దారితీయును. చర్మమునకు ఒక వైద్యుడు, కీళ్ళకు మరియొక వైద్యుడు చూచుచున్నచో, ఇద్దఱికిని అన్ని మందుల చీటీలను చూపవలయును.

పిల్లల పాత్ర

ఈ సేవలో పిల్లలకు భాగమీయుడు. ఒక నోటుపుస్తకమున కుక్క ఎంత తిన్నది, ఎంత నడిచినది, ఎచట గోకినది, ఏ మాత్ర ఎప్పు డిచ్చిరి అనునవి దినదినము తెలుగున వ్రాయింపుడు. వైద్యుడు కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో అడిగినపుడు, తెలుగున వ్రాసికొన్నదానిని చూచి పిల్లవాడు ఆ భాషలో చెప్పగలడు. ఇంటిభాషయు, ఊరిభాషయు రెండును పనికివచ్చు ఇట్టి సందర్భములు పుస్తకములందు దొరకవు.

మఱి పిల్లల రక్షణయు చూడవలెను. గజ్జియు, తామరయు కుక్కనుండి మనుష్యులకు అంటవచ్చును. వైద్యుడు భయము లేదని చెప్పువరకు దానిని కౌగిలించుకొననీయరాదు. తాకిన పిదప చేతులు కడుగుకొనవలెను. చెవుడు, చూపుమాంద్యము గల కుక్కను నిదురలో తట్టినచో ఉలికిపడి కఱచును. ఎదుటికి వచ్చి, కనబడి, పిదప తాకుట నేర్పుడు. ముసలిదైనను వెఱ్ఱికుక్క వ్యాధి టీకా మానరాదు. ఏ కుక్క కఱచినను గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిలో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తుది దినములు

చికిత్సకు విసిగి, ముసలి కుక్కను ఊరి వెలుపలనో, అంగడి వీథిలోనో విడిచివచ్చువారు కలరు. ఇంటి తిండికి అలవడి, పరుగెత్తలేని, పోరాడలేని ప్రాణి అచట ఆకలిచే, వీథికుక్కల కాటుచే నశించును. ఆకలిదప్పుల పాలగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ననుసరించి నేరము. రాజ్యసభ సభ్యురాలుగా నుండిన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ కృషి ఆ చట్టమునకు మూలము. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు.

ఎంత సేవ చేసినను ఒకనాడు మందులు పనిచేయని స్థితి రావచ్చును. తిండి మాని, లేవలేక, నొప్పి తగ్గక, చెడు దినములు మంచి దినములకంటె ఎక్కువైనపుడు, వైద్యునితో యోచించి నొప్పిలేని మరణము నిప్పించుట క్రౌర్యము కాదు. ఆ నిర్ణయము మన విసుగుచే గాక, దాని బాధచే పుట్టినదై యుండవలయును. పిల్లలకు "ఎక్కడికో పోయినది" అని చెప్పక, సత్యమునే మెల్లగా చెప్పుడు. చెప్పినదానిని భరించు శక్తి వారికి కలదు. దాచినదానిని కనుగొన్ననాడు మాత్రము మన మాటపై నమ్మకము పోవును.

కావలసినవి పెద్ద ధనముతో కూడినవి కావు: పఱచిన గోనె, మెత్తని పడక, కొలత గల తిండి, సకాలమున వైద్యుని దర్శనము, దినమునకు అరగంట ఓపిక. మన యింట ముసలివా రగు మనుష్యులకును రేపు కావలసినవి ఇంచుమించుగా ఇవియే. కుక్కకు పెట్టుచున్న మన చేతిని చూచి నేర్చికొనిన పిల్లలకు వానిని వేరుగా బోధింప నక్కఱ లేదు.