చౌడు నేలలో జిప్సం చేసే పని

భూసార పరీక్ష ఫలితాల పత్రంలో ఉదజని సూచిక 9 దాటినట్లు ఉంటే, ఆ నేలకు జిప్సం వేయవలసిందిగా సిఫారసు చేయడం పరిపాటి. రసాయన శాస్త్రం ఆరంభ పాఠాలు చదివినవారికి ఇక్కడ ఒక సందేహం కలగడం సహజం. క్షారాన్ని తటస్థీకరించేది ఆమ్లం. జిప్సం ఆమ్లం కాదు. అది కాల్షియం సల్ఫేట్ అనే తటస్థ లవణం. దాని ద్రావణంలో ముంచిన లిట్మస్ కాగితం రంగు మారదు. అయినా అది నేలలోని క్షారతను తగ్గిస్తుంది.

ఉదజని సూచికను డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో ప్రవేశపెట్టాడు. ఇందులో 7 తటస్థ స్థితి. అంతకు తక్కువైతే ఆమ్లగుణం, ఎక్కువైతే క్షారగుణం. ఒక అంకె పెరిగితే హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢత పది రెట్లు పెరుగుతుంది. కాబట్టి 7.5 ఉన్న నేలకూ 9.5 ఉన్న నేలకూ గల తేడా రెండు అంకెలు కాదు, వంద రెట్లు.

కారు చౌడులో ఈ క్షారతకు ప్రధాన కారణం సోడియం కార్బొనేట్. కార్బొనేట్ అయాన్ నీటి నుండి ఉదజనిని గ్రహించి హైడ్రాక్సైడ్‌ను మిగులుస్తుంది. సున్నపురాయిలో ఉన్నదీ కార్బొనేటే. కానీ అది నీటిలో అతి స్వల్పంగా కరుగుతుంది గనుక సున్నపు నేలల ఉదజని సూచిక సాధారణంగా 8.5 లోపే నిలుస్తుంది. సోడియం కార్బొనేట్ సులభంగా కరగడం వలన సూచిక 10ని కూడా దాటగలదు. అంటే కార్బొనేట్‌కు తోడుగా ఉన్న లోహం ఏది అన్నదే అసలు విషయం. జిప్సం ఈ తోడును మారుస్తుంది. దానిలోని కాల్షియం కార్బొనేట్‌తో కలిసి సున్నపురాయిగా అడుగున చేరుతుంది. సోడియం సల్ఫేట్ అనే తటస్థ లవణం నీటిలో మిగులుతుంది.

బంకమట్టి రేణువులకు అంటిపెట్టుకున్న సోడియంను కూడా కాల్షియం తొలగిస్తుంది. పంట దృష్ట్యా ఇది మరింత ముఖ్యం. సోడియం పట్టిన రేణువులు తడిసినప్పుడు విడిపోయి రంధ్రాలను మూసివేస్తాయి. నీరు ఇంకక బురదగా నిలుస్తుంది, ఆరితే పెచ్చు కడుతుంది. కాల్షియం చేరిన రేణువులు తిరిగి గుల్లలుగా కూడుకుంటాయి.

ఉదజని సూచిక క్షారత తీవ్రతను మాత్రమే తెలుపుతుంది, నేలలో ఉన్న సోడియం మొత్తాన్ని తెలుపదు. ఒకే సూచిక గల ఇసుక నేలకూ బంక నేలకూ ఒకే మోతాదు సరిపోదు. అందుకే జిప్సం ఆవశ్యకతను ప్రత్యేకంగా పరీక్షించాలి. హెక్టారులో 15 సెం.మీ. లోతు వరకు 20 లక్షల కిలోల మట్టి ఉన్నదనుకుంటే, ప్రతి 100 గ్రాముల మట్టి నుండి ఒక మిల్లీ తుల్యాంకం సోడియంను తొలగించడానికి సుమారు 1.7 టన్నుల శుద్ధ జిప్సం కావాలి. ఎకరాకు సుమారు 700 కిలోలు. బజారు సరుకు శుద్ధత తక్కువైతే ఆ మేరకు పెంచాలి.

జిప్సం చల్లడంతో పని పూర్తి కాదు. లీటరు నీటిలో అది సుమారు రెండున్నర గ్రాములే కరుగుతుంది. ఆ లెక్కన ఎకరాకు వేసిన టన్ను జిప్సం మంచినీటిలో పూర్తిగా కరగాలంటే పొలమంతటా 10 సెం.మీ. నీరు కావాలి. మడులు చదును చేసి, గట్లు పోసి, జిప్సంను పైమట్టిలో కలిపి నీరు నిలపాలి. ఏర్పడిన సోడియం సల్ఫేట్‌ను ఆ నీటితోనే మురుగు కాలువలోకి పంపాలి. కాలువ లేని పొలంలో ఆ లవణం అక్కడే ఉండి, వేసవిలో తేమతోపాటు మళ్ళీ పైకి వస్తుంది. రైతు పెట్టుబడి వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

సున్నంలోనూ కాల్షియం ఉన్నది గదా అని కారు చౌడుకు సున్నం వేయడం పొరపాటు. సున్నం స్వయంగా క్షారం. అది ఆమ్ల నేలలకు తగినది. తెల్లని లవణాలు పేరుకొనే పాల చౌడులో ఉదజని సూచిక సాధారణంగా 8.5 మించదు. దానికి జిప్సం అక్కరలేదు, మంచినీటితో కడిగితే చాలు.

నేల బాగుపడే లోపల ఎరువుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉదజని సూచిక 9.25 వద్ద నీటిలోని అమ్మోనియంలో సగం అమ్మోనియా రూపంలో ఉంటుంది. పైన చల్లిన యూరియాలోని నత్రజని వాయువుగా పోవడానికి ఇదే కారణం. జింకు కరిగే గుణం కూడా బాగా తగ్గి, వరిలో దాని లోపం తరచుగా కనిపిస్తుంది.

జిప్సం వేసి కడిగిన తరువాత జీలుగ పెంచి, పూతకు ముందు కలియదున్నడం మంచిది. అది కుళ్ళేటప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి కార్బొనిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ బలహీన ఆమ్లం మట్టిలో అడుగున చేరిన సున్నపురాయిని కొంత కరిగించి, మిగిలిన సోడియంను తొలగించడానికి కాల్షియంను తిరిగి అందిస్తుంది.