రవ్వకు జీర్ణాశయమే లేదు, మరి ఎంజైమ్ ఎక్కడ పని చేయాలి?

చేపల మేతలో ఎంజైమ్ కలపమంటున్నారు. మా చిల్పూర్ వైపు అది ఎవరికి అవసరం?

ముందు నీళ్లను రెండుగా విడదీసి చూడాలి. చిల్పూర్ మండలంలోని మల్లన్నగండి రిజర్వాయరుకు దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు వస్తాయి. దాని చుట్టూ ఊళ్లలో పాత చెరువులున్నాయి. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకం కింద పిల్లలను వదిలేది ఇలాంటి నీళ్లలోనే. ముదిరాజులు, గంగపుత్రులు సంఘాలుగా చేపలు పట్టుకునేదీ ఇలాంటి చోటే. ఇక్కడ బొచ్చె, రవ్వ, బంగారుతీగ నీటిలో పుట్టిన నాచు, సూక్ష్మజీవులు, అడుగు మట్టిలోని పురుగులు తిని పెరుగుతాయి. మేతే వేయని చెరువుకు మేతలో కలిపే ఎంజైమ్‌తో పని లేదు. నీటిలో చల్లితే చేప పెరుగుతుందని ఎవరైనా ప్యాకెట్ తెస్తే సంఘం డబ్బు దానికి పెట్టొద్దు.

రెండో రకం, పొలంలో సొంతంగా తవ్వుకుని మేత వేసి పెంచే చేపల చెరువు. ఎంజైమ్ గురించి ఆలోచించాల్సింది ఈ రైతే.

అసలు ఆ మేతలో లోపమేమిటి?

కొల్లేరు రైతుల నుంచి మనం నేర్చుకున్న మేత నూనె తీసిన తవుడు, దానికి తోడు పల్లి చెక్క, పత్తి గింజల చెక్క. చిల్లులు పెట్టిన బస్తాలో నింపి వెదురు గడకు కట్టి నీటిలో వేలాడదీస్తారు. చవకైన, మంచి పద్ధతి. అయితే ఇవన్నీ గింజల నుంచి వచ్చిన సరుకులు. గింజ తనలోని భాస్వరాన్ని ఎక్కువగా ఫైటిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటుంది. మొలకెత్తేటప్పుడు దాన్ని తనే విప్పుకుంటుంది. చేప కడుపులో మాత్రం ఆ ముడి విప్పే ఎంజైమ్, అంటే ఫైటేజ్, తగినంత ఉండదు. మేత సరుకుల్లో ఫైటిక్ ఆమ్లం బాగా ఎక్కువున్న వాటిలో తవుడు ఒకటి. ఆ ఆమ్లం జింకు, ఇనుము వంటి ఖనిజాలను, కొంత మాంసకృత్తులను కూడా పట్టి ఉంచుతుంది.

కాల్షియాన్ని చేప మొప్పల ద్వారా నీటి నుంచే తీసుకోగలదు. భాస్వరం మాత్రం దాదాపు మొత్తం మేత నుంచే రావాలి. అరగని భాస్వరం పెంటతో నీటిలో కలిసి నాచును పెంచుతుంది. నీరు చిక్కటి పచ్చగా మారుతుంది. రాత్రంతా ఆ నాచు కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. మేతకు పెట్టిన డబ్బు ఒంటికి పట్టకపోవడం ఒక నష్టం, అదే డబ్బు నీటిని పాడు చేయడం ఇంకో నష్టం.

కోళ్ల మేతలో ఫైటేజ్ బాగా పనిచేస్తుంది కదా, చేపకూ అంతేనా?

రైతుకు ఎవరూ సరిగా చెప్పని సంగతి ఇదే. పశువుల మేతకు ఫైటేజ్ 1991లో నెదర్లాండ్స్‌లో అమ్మకానికి వచ్చింది. పందుల, కోళ్ల పెంట నుంచి భాస్వరం భూమిలోకి, నీటిలోకి చేరుతోందని అక్కడ కట్టడి పెట్టిన కాలమది. పందికీ కోడికీ కడుపులో ఆమ్లం ఊరుతుంది. ఫైటేజ్‌కు కావలసింది ఆ పులుపే. మార్కెట్లో ఉన్న చాలా రకాలు పీహెచ్ 5 చుట్టుపక్కల, కొన్ని అంతకన్నా పుల్లటి చోట బాగా పనిచేస్తాయి.

రవ్వ, బొచ్చె, మోసు, బంగారుతీగ, గడ్డిచేప అన్నీ ఒకే కుటుంబం. వీటికి జీర్ణాశయం లేదు. తిన్నది నేరుగా పొడవైన పేగులోకి పోతుంది, అక్కడ ఆమ్లం ఉండదు. అందుకే కోడికి పనిచేసిన పొడే రవ్వ పేగులో మందకొడిగా ఉండిపోతుంది. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ శాస్త్రవేత్తలు రవ్వ పిల్లల మేతలో కిలోకు 500 యూనిట్ల ఫైటేజ్‌తో పాటు 3 శాతం సిట్రిక్ ఆమ్లం కలిపి చూశారు. రెండూ కలిసినప్పుడు ఖనిజాలు ఎముకకు పట్టడం మెరుగైంది. చదవడానికి బాగుంది. కానీ 3 శాతమంటే టన్ను మేతకు 30 కిలోల సిట్రిక్ ఆమ్లం. బస్తా తవుడు వేసే చిన్న రైతుకు అది గిట్టుబాటవుతుందని నేననుకోను. అతనికి దానికన్నా దగ్గరి దారి ఉంది. భాస్వరం కోసం వేసే ఖనిజ లవణాల్లో డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) బదులు ఎంసీపీ (మోనోకాల్షియం ఫాస్ఫేట్) ఎంచుకోవచ్చు. ఆమ్లం లేని పేగులో అది ఎక్కువగా అరుగుతుంది.

పంగాసియస్, తిలాపియా, రూప్‌చంద్ పెంచేవాళ్ల సంగతి వేరు. వీటికి జీర్ణాశయం ఉంది, మొక్కల సరుకులతో చేసిన గుళికల మేతలో ఫైటేజ్‌కు అక్కడ పని దొరుకుతుంది. కొర్రమీనుకూ జీర్ణాశయం ఉంది గానీ అది మాంసాహారి, దాని మేతలో తవుడు వాటాయే తక్కువ.

పీచును విడగొట్టే జైలనేజ్, సెల్యులేజ్ వంటివి కూడా అమ్ముతారు. వీటి ఫలితం మేతలో పీచు ఎంత, ఏ చేప, ఎంత వయసు అన్నదాన్ని బట్టి మారుతుంది. లేబుల్ మీది మాటతో తేల్చుకోలేం.

వాడాలనుకుంటే ఎలా వాడాలి?

కంపెనీ మేత కొంటుంటే సంచి మీద చూడండి, డీలర్‌ను అడగండి. ఎంజైమ్ ముందే ఉంటే మళ్లీ కలపడం వృథా. సొంతంగా కలిపేవాళ్లు ఎంజైమ్ కూడా మాంసకృత్తేనన్నది గుర్తుపెట్టుకోవాలి. గుళికలు చేసేటప్పుడు మేత 70 నుంచి 90 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, తేలే మేత తయారీలో 100 దాటుతుంది. వేడికి తట్టుకునేలా పూత పెట్టిన రకం కాకపోతే అది అక్కడే చచ్చిపోతుంది. కాబట్టి మేత చల్లారాకే పట్టించాలి. పొడిని ఊరికే చల్లితే నీటిలో పడగానే కడుక్కుపోతుంది. జిగురు మందుతోనో కొద్దిపాటి నూనెతోనో గుళికలకు పట్టించి నీడలో ఆరబెట్టాలి. బస్తాలో వేలాడే తవుడులో కలిపితే చాలా వరకు చేప నోటికి చేరకముందే నీటిపాలవుతుంది.

మోతాదు గ్రాముల్లో కాదు, యూనిట్లలో చూడాలి. గ్రాముకు 5,000 యూనిట్లున్న పొడైతే కిలో మేతకు 500 యూనిట్ల లెక్కన టన్నుకు 100 గ్రాములు చాలు. అంత కొంచెం పొడి టన్ను మేతలో సమంగా కలవాలంటే ముందు కిలో తవుడులో, తర్వాత దాన్ని పది కిలోల్లో, ఆ తర్వాత మొత్తంలో కలుపుతూ పోవాలి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒకే నీరు, ఒకే పిల్ల, ఒకే మేత ఉన్న రెండు చెరువులుంటే ఒకదానికి ఎంజైమ్‌తో, ఇంకోదానికి ఎంజైమ్ లేకుండా వేయండి. ఒక్క చెరువే ఉంటే అందులోనే రెండు వల గుడారాలు కట్టి, వాటిలో సమానంగా పిల్లలు వేయొచ్చు. పదిహేను రోజులకోసారి రెండు చోట్లా కొన్ని చేపలు తూచి రాసిపెట్టాలి. వేసిన మేత కిలోలను పెరిగిన చేప కిలోలతో భాగించి రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. మేతలో మిగిలిన డబ్బు ఎంజైమ్ ఖర్చు కన్నా ఎక్కువుంటేనే తర్వాతి పంటకు కొనండి. ఈ పరీక్ష ఎలా పెట్టాలో చూపించమని మామునూరు కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగవచ్చు. అది పశువైద్య విశ్వవిద్యాలయానిదే.