గుర్రం నోరు తెరిస్తే

గైడ్లలో ఇంగ్లీషు జాతీయాలన్నీ అక్షరక్రమంలో ఉంటాయి. పిల్లి, కుక్క, చేప, గాడిద అన్నీ ఒకే దొడ్లో! ఒంగోలు వైపు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినన్నాళ్లూ ఆ పేజీ బట్టీ పట్టమని నేను ఎవరికీ చెప్పలేదు. ఒక్క జంతువును పట్టుకుని దాని నోరు తెరిపించేవాణ్ణి.

మా పిల్లలకు పళ్ల లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. బండలాగుడు పోటీల్లో రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు పెట్టేది ఎడ్ల వయసును బట్టే కదా. ఇంగ్లండులో గుర్రాల బేరగాళ్లూ నోరే చూసేవాళ్లు. గుర్రానికి ఐదేళ్లకల్లా ముందు పళ్లన్నీ ఊడి కొత్తవి వచ్చేస్తాయి. ఆపైన అరుగుదలే ఆధారం. వయసు మీదపడేకొద్దీ చిగుళ్లు వెనక్కి పోయి పళ్లు పొడుగ్గా కనిపిస్తాయి. ఇంతవరకూ చెప్పి ఆపితే, వయసు మళ్లినవాళ్లను ‘లాంగ్ ఇన్ ద టూత్’ అని ఎందుకంటారో పిల్లలే చెప్పేసేవాళ్లు. (ఎవరి మొహాన్నా అనకండి, బాగుండదు.) ‘డోంట్ లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ద మౌత్’ కూడా పళ్ల సంగతే: ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టొద్దని. ఇది 1546లో జాన్ హేవుడ్ అచ్చువేసిన సామెతల పుస్తకంలో ఉంది. అంతకు వెయ్యేళ్ల ముందే, క్రీ.శ. 400 ప్రాంతంలో, క్రైస్తవ పండితుడు జెరోమ్ లాటిన్‌లో దీన్ని రాస్తూ జనం నోట నానే సామెతేనన్నాడు.

‘స్ట్రెయిట్ ఫ్రమ్ ద హార్సెస్ మౌత్’ మాత్రం రేసుకోర్సు సరుకు. పందెం కాసేవాడికి జాకీ చెప్పిన కబురు కంటే గట్టిది గుర్రమే చెప్పిన కబురు! బదిలీల గురించి ఆఫీసంతా తలోమాట అంటుంటే, ఉత్తర్వు మీద సంతకం పెట్టే అధికారి నోటనే విన్నామనుకోండి, అదీ ఇది. ‘డార్క్ హార్స్’ కూడా పందేలదే. డిజ్రేలీ 1831 నాటి నవల ‘ద యంగ్ డ్యూక్’లో ఎవరూ లెక్కచేయని గుర్రం గెలుస్తుంది. ఎన్నికల పుణ్యమా అని ఇది మన పేపర్లకూ అలవాటే.

ఎక్కువమంది తడబడేది ‘హాబ్సన్స్ చాయిస్’ దగ్గర. రెండు చెడ్డవాటిలో ఒకటి ఎంచుకోవడం అనుకుంటారు. కానే కాదు. కేంబ్రిడ్జిలో థామస్ హాబ్సన్ గుర్రాలు అద్దెకిచ్చేవాడు, 1631లో పోయాడు. కుర్రాళ్లంతా మంచి గుర్రాలనే అడిగి వాటి ప్రాణం తీస్తున్నారని, తలుపు పక్కన ఏది వంతుకొస్తే అదే తీసుకోవాలన్నాడు. నచ్చకపోతే నడిచి వెళ్లడమే. రాత్రి ఆఖరి బస్సులో ఒకే సీటుంది, అదీ వెనక టైరు మీద. ఎక్కితే ఎక్కు, లేకపోతే దిగు అన్నాడా కండక్టరు, అప్పుడు వాడండి ఆ మాట.