అమ్మ ఖాతాలో కోసిన వెయ్యి రూపాయలు మన బాత్రూం దాకా వచ్చినాయా?

చీరాలలో నేను ఇంటరు చదివే రోజుల్లో మా క్లాసుకి జాండ్రపేట నించి ఒక అమ్మాయి వచ్చేది. మగ్గం ఇంటి పిల్ల. పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలితే మళ్ళా సాయంత్రం ఐదింటికే పోయేది. ఈ మధ్యలో చుక్క నీళ్ళు తాగేది కాదు. ఉపవాసమా ఏందని ఎగతాళి చేసేవాళ్ళం. అసలు సంగతి చానా ఏళ్ళకి తెలిసింది. ఆడపిల్లల బాత్రూంకి గడియ లేదు, లోపల నీళ్ళు లేవు. నీళ్ళు తాగితే పోవాల, పోతే ఎట్టా? అందుకని తాగటమే మానేసింది. మూత్రంలో మంటతో రెండుసార్లు ఆసుపత్రి పాలయింది. మగపిల్లలం మేము గోడచాటుకి పోయొచ్చేవాళ్ళం. అదొక సమస్యని కూడా మాకు తెలవదు.

బిగబట్టుకుంటే ఏమవుద్దో చెప్తా. సంచిలో నిలవున్న మూత్రంలో క్రిములు పెరుగుతాయి. ఆడపిల్లలకి మూత్రనాళం పొట్టిది, నాలుగు సెంటీమీటర్లు ఉంటదేమో, క్రిములు తొందరగా పైకెక్కుతాయి. పట్టించుకోకపోతే కిడ్నీల దాకా పోద్ది. నెలసరి రోజుల్లో ప్యాడు మార్చుకునే చోటు లేక బడి ఎగ్గొట్టే పిల్లల సంగతి మీ ఇంట్లో అక్కాచెల్లెళ్ళని అడగండి. 7 నించి 12 తరగతి దాకా ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఇస్తామని 2021 అక్టోబర్‌లో 'స్వేచ్ఛ' పథకం మొదలుపెట్టారు. మంచిదే. మరి వాడిన ప్యాడు యాడ వెయ్యాల? మూతున్న ఒక డబ్బా పెట్టకపోతే అది బేసిన్‌లోకే పోద్ది, గొట్టం బిగుసుకుపోద్ది, ఆ గదికి తాళం పడుద్ది.

ఇప్పుడు గదులు లేవని అనలేం. 2019 నవంబర్ 14న నాడు-నేడు మొదలయింది. మొదటి విడతలో 15,715 బళ్ళు. చెయ్యాల్సిన పనుల్లో నీళ్ళుండే మరుగుదొడ్లు కూడా ఉన్నాయి. గోడ కట్టటం ఒక్కసారి పని, కడగటం రోజూ పని. తేడా అంతా ఆడే వచ్చింది. దేశమంతా ఇదే కథ. ప్రభుత్వ రంగ సంస్థలు బళ్ళలో కట్టించిన మరుగుదొడ్లని కాగ్ వాళ్ళు పోయి చూసొచ్చిన రిపోర్టు 2020లో పార్లమెంటు ముందు పెట్టారు. చూసినవాటిలో కట్టినవి 2,326. అందులో 1,679కి పంపు నీళ్ళే లేవు. 691 అసలు వాడకంలోనే లేవు.

మన రాష్ట్రంలో రోజూ కడగటానికని డబ్బు తీశారు, అదీ మన ఇళ్ళలోంచే. 2021 జనవరిలో అమ్మ ఒడి 15,000లో వెయ్యి కోసి మరుగుదొడ్ల నిర్వహణ నిధి అన్నారు. తర్వాత ఏడాది కోత రెండు వేలయింది, ఒక వెయ్యి దొడ్లకి, ఇంకో వెయ్యి బడికి. ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనం అయింది. 2025 జూన్‌లో కూడా తల్లి ఖాతాలో పడింది 13,000. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అది ఎవరో దయతలచి కట్టించిన దొడ్డి కాదు. మీ అమ్మ డబ్బుతో నడవాల్సింది.

మన పని కూడా ఉంది, దాన్ని దాటెయ్యను. అప్పటికప్పుడు పోసిన మూత్రం పెద్దగా వాసన రాదు. క్రిములు అందులోని యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి, ముక్కు పగిలేది దానికి. పోసిన వెంటనే ఒక మగ్గు నీళ్ళు కొడితే ఆ కథ మొదలే కాదు. మన సముద్రం వైపు ఉప్పునీళ్ళకి బేసిన్ మీద పచ్చగా గార కడుద్ది, వాసన అందులో దాక్కుంటది. దానికి బ్రష్షు పెట్టి రుద్దాల్సిందే. రుద్దేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: బ్లీచింగు పౌడరూ, యాసిడూ ఎప్పుడూ కలపొద్దు. కలిపితే క్లోరిన్ గాలి లేస్తది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషం అదే.

చేతులకి సబ్బెందుకు, నీళ్ళు చాలవా అనేవాళ్ళని మిరపకాయలు కోసొచ్చిన రోజు అడగండి. నీళ్ళతో ఎంత కడిగినా మంట పోదు, ఆ ఘాటు నూనెలో కరుగుద్దిగానీ నీళ్ళలో కరగదు. సబ్బు పెడితే కాస్త వదులుద్ది. చేతికంటిన మురికీ అంతే, జిడ్డుతో అతుక్కుని ఉంటది. ఇరవై సెకన్లు రుద్దితే జిడ్డుతో పాటు క్రిములూ పోతాయి.

ఇక కడిగేది ఎవరు? ఆయా. పథకం పెట్టినప్పుడు నెలకి 6,000 అన్నారు. అదీ నెలల తరబడి రాక ఆమె రోడ్డెక్కిన సంగతులు పేపర్లలో చదివాం. పనికి వచ్చేది ఏ వాడ నించో మనకి తెలిసిందే, పేరు పెట్టి చెప్పక్కర్లేదు. "ఆమె పని ఆమె చేసుద్దిలే" అని నీళ్ళు కొట్టకుండా వచ్చే ప్రతివాడూ ఆ కులం లెక్క చూసుకునే వస్తన్నాడు, వాడికి తెలిసినా తెలవకపోయినా. కొన్ని బళ్ళలో ఆయా రాని రోజు కొందరు పిల్లల్ని మాత్రం పిలిచి కడిగిస్తారు. ఎవరిని పిలుస్తారో గమనించండి. కడగాల్సి వస్తే రోల్ నంబరు ప్రకారం అందరూ కడగాల, లేదా ఎవరూ కడగొద్దు.

1921లో పన్ను భారం మొయ్యలేమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల, పేరాల జనం ఇళ్ళొదిలి రామనగర్‌లో పాకలేసుకున్నారు. దాదాపు పదకొండు నెలలు ఆడే ఉన్నారు. మీరు ఊరొదలక్కర్లేదు, ఒక కాయితం చాలు. ఎనిమిదో తరగతి దాకా ఉన్న సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్తంది. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడోళ్ళు. ముందు ఆ మీటింగులో అడిగించండి. అప్పటికీ మాట రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాల.

ఏం రాయాలంటే: మా బడికి మరుగుదొడ్ల నిధి కింద ఈ ఏడాది ఎంత వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు, ఆయా జీతం ఏ నెల దాకా ఇచ్చారు, మోటారు చెడితే ఎన్ని రోజుల్లో బాగుచేయించారు. నీళ్ళ సంగతి ముందు రాయండి, టైల్స్ సంగతి తర్వాత. కింద సంతకం అమ్మ చేత పెట్టించండి.