ఒకే సీసా, మూడు పద్దులు

మూత్రం ఇచ్చింది ఒక్క సీసాలోనే. అయినా అమెరికాలో కూతురింటికి వెళ్లిన ఖమ్మం తల్లిదండ్రుల ల్యాబ్ బిల్లులో 87086, 87088, 87186 అని మూడు పద్దులు రావొచ్చు. మోసం కాదు. అవి సీపీటీ కోడ్‌లు. చేసిన ఒక్కో పనికి ఒక్కో అయిదంకెల గుర్తు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో ఈ పద్ధతి తెచ్చింది.

మొదటి పని కల్చర్, అంటే క్రిములను పెంచి లెక్కపెట్టడం. మిల్లీలీటరులో వెయ్యో వంతు మూత్రాన్ని పోషక జెల్లీ మీద పూసి, ఒంటి వేడి దగ్గర రాత్రంతా ఉంచుతారు. పాలకు తోడేసి ఉంచినట్టే. ఒక్కో క్రిమీ పెరిగి కంటికి ఆనే చుక్కవుతుంది. నూరు చుక్కలు కనిపిస్తే వెయ్యితో హెచ్చించండి: మిల్లీలీటరుకు లక్ష. ఇన్ఫెక్షన్‌కు మామూలుగా చూసే గీత అదే. మంట, జ్వరం ఉంటే అంతకన్నా తక్కువనూ డాక్టర్లు పట్టించుకుంటారు.

రెండో కోడ్ ఆ క్రిమి ఏదో పోల్చుకున్నందుకు. మూడోది సెన్సిటివిటీకి, అంటే ఏ మందు ఎంత మోతాదులో దాన్ని ఆపుతుందో చూసినందుకు.

మరి ఏమీ మొలవకపోతే? చివరి రెండు పనులకూ చోటే లేదు. రిపోర్టులో ‘నో గ్రోత్’ అని ఉండి బిల్లులో 87186 కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి.

మన ల్యాబుల్లో ఈ గొడవ తక్కువ. ‘యూరిన్ కల్చర్ అండ్ సెన్సిటివిటీ’ అని సాధారణంగా ఒకే పద్దు రాస్తారు. ఆరోగ్యశ్రీలో చికిత్సకూ పరీక్షలకూ కలిపి ఒకే ప్యాకేజీ ధర ఉంటుంది.

మన చిక్కు కోడ్‌తో కాదు, సీసా ల్యాబ్ చేరాల్సిన దారితో. భద్రాచలం నుంచి ఖమ్మం సుమారు 120 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటల పైమాటే. చర్ల అడవి పల్లెల నుంచైతే ఇంకా ఎక్కువ. ఈ-కోలై అనే క్రిమి అనువైన వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మూడు గంటల్లో తొమ్మిదిసార్లు, అంటే 512 రెట్లు! ప్రతి సీసాలోనూ అంత వేగం ఉండదనుకోండి. కానీ ఎండాకాలం బస్సులో వెయ్యి క్రిములతో ఎక్కిన సీసా లక్ష దాటి దిగితే, లేని జబ్బుకు మందులు మింగాల్సొస్తుంది.

అందుకే రెండు గంటల్లో చేర్చలేని సీసాను ఐస్ డబ్బాలో పెట్టి పంపమనండి. చల్లగా ఉంటే 24 గంటల వరకు పనికొస్తుంది. యాంటీబయాటిక్ మొదటి గోళీ వేసుకోకముందే నమూనా ఇవ్వండి. అప్పటికే వేసుకుని ఉంటే ఆ సంగతి ల్యాబ్ చీటీ మీద రాయించండి.