చవకగా ఔత్సాహిక రేడియో

ఔత్సాహిక రేడియో అనగానే ఖరీదైన యంత్రాలు నిండిన గది చాలామందికి స్ఫురిస్తుంది. కాని వేయి కిలోమీటర్ల అవతలి వ్యక్తితో మాటలాడడానికి కావలసిన సామగ్రిలో మిక్కిలి చవకైనది, మిక్కిలి ముఖ్యమైనది కూడ, ఒక రాగి తీగ.

7.1 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల తరంగం పొడవు సుమారు 42 మీటర్లు. అందులో సగం 21. కొసల ప్రభావం వల్ల ఇందులో 5 శాతం తగ్గించగా 20 మీటర్లు వస్తుంది. చెరి 10 మీటర్ల రెండు ముక్కలను రెండు చెట్ల మధ్య నైలాను తాళ్లతో కట్టి, నడుమ నుంచి కేబులును గదిలోనికి తెచ్చుకుంటే ఏంటెన్నా సిద్ధమైనట్లే. కరెంటు తీగల దరిదాపుల్లో మాత్రం ఎన్నడూ కట్టరాదు. మబ్బు పట్టగానే, ఉరుము వినబడేదాకా ఆగక, కేబులును సెట్టు నుంచి తీసి బయట వేయవలెను.

100 వాట్ల ప్రసారిణికి బదులు 5 వాట్లది వాడితే శక్తి 20వ వంతే అవుతుంది. అయినా అవతలివారి మీటరులో ముల్లు రెండు మెట్లకు కాస్త ఎక్కువగా దిగుతుంది, అంతే. ఏలనన, ఒక్కొక్క మెట్టుకు శక్తిలో నాలుగు రెట్ల భేదం. కనుక డబ్బు వాట్లపై పోయడం కంటె తీగను మరికొంత ఎత్తున కట్టడం మేలు.

ఈ తీగ వినడానికీ పనికివస్తుంది. షార్టువేవు గల పాత రేడియోకు తగిలిస్తే చాలు. అయితే ఔత్సాహికుల మాటలు అందులో బాతు కూతల వలె వినబడతాయి! వారు వాహక తరంగాన్నీ, ఒక పార్శ్వాన్నీ విడిచి, రెండవ పార్శ్వాన్ని మాత్రమే పంపుతారు. విడిచిన వాహకాన్ని ఇక్కడ మళ్లీ కలపవలెను. ఇందుకు మరొక పాత రేడియో ఉపకరిస్తుంది. అటువంటి సెట్లలో చాలవాటి లోపలి డోలకం, సెట్టు పట్టిన పౌనఃపున్యం కన్న 455 కిలోహెర్ట్జ్ ఎక్కువగా కంపిస్తుంది. దానిని 6.645 మెగాహెర్ట్జ్ వద్ద నిలిపితే డోలకం సరిగా 7.1 వద్ద పనిచేస్తుంది. మొదటి సెట్టు ప్రక్కన పెట్టి మెల్లగా త్రిప్పితే, ఒకచోట బాతు కూత మనిషి మాట అవుతుంది. తరగతిలో చూపదగిన ప్రయోగమిది.

వినడం వేరు, ప్రసారం వేరు. అనుమతి లేని ప్రసారం నేరం. కేంద్ర ప్రభుత్వ టెలికమ్యూనికేషన్ల విభాగం జరిపే పరీక్షలో రేడియో సిద్ధాంతం, నిబంధనలు అడుగుతారు. భౌతికశాస్త్రంలో విద్యుత్తు పాఠాలు శ్రద్ధగా చదివిన విద్యార్థికి మొదటిది కొత్త కాదు. ఉత్తీర్ణులై లైసెన్సు పొందినవారికి 'వి.యు.' అక్షరాలతో మొదలయ్యే పిలుపుగుర్తు లభిస్తుంది.

అప్పుడైనా సెట్టు కొనితీరవలెనని లేదు. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ 2003 ప్రాంతాన రూపొందించిన 'బిట్ఎక్స్' సెట్టును ఎన్నో దేశాలవారు స్వయంగా కట్టుకున్నారు. దాని శక్తి 6 వాట్లు. అందులోని ట్రాన్సిస్టర్లు బజారులో దొరికే సామాన్యమైనవి. తీగచుట్టలను చుట్టడానికి వాడినవి కుళాయి వాషర్లు.