ఎముకలో పాతుకున్న పన్ను

చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో చెరుకు కోతలు మొదలైతే పిల్లలకు పండుగే. కత్తితో పనేమిటి? గడను పళ్ళతోనే చీల్చి, నమిలి, పిప్పి ఉమ్మేస్తారు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ప్రాంతం చెరుకుకూ, బెల్లానికీ పేరుపొందింది.

అయితే, గట్టి కణుపు కొరికినప్పుడు పన్ను విరిగితే? పాలపన్నయితే దాని చోట మరొకటి వస్తుంది. ఆరేళ్ళ వయసు నుంచి వచ్చేవి శాశ్వతమైన పళ్ళు. అవి పోతే మళ్ళీ మొలవవు. సొరచేపకు జీవితమంతా కొత్త పళ్ళు వస్తూనే ఉంటాయి. మనిషికి రెండు విడతలే!

పోయిన పన్ను చోట మరొకదాన్ని ఎముకలో కదలకుండా నిలబెట్టటం ఎలా? ఆ రహస్యం 1952లో స్వీడన్ దేశంలో, వెతకకుండానే దొరికింది. బ్రోనెమార్క్ అనే శాస్త్రజ్ఞుడు ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం అనే లోహంతో చేసిన చిన్న పరికరం అమర్చాడు. పని ముగిశాక తియ్యబోతే అది రాలేదు! ఎముక దాన్ని గట్టిగా పట్టేసుకున్నది.

కాలిలో ముల్లు విరిగితే చీముపట్టి బయటికి వస్తుంది. శరీరం పరాయి వస్తువును సహించదు. కాని టైటానియం తుప్పు పట్టదు; ఎముక దాన్ని అంటిపెట్టుకుని పెరుగుతుంది. 1965లో బ్రోనెమార్క్ యోస్టా లార్సన్ అనే ఆయన దవడలో టైటానియం మరలు నాటాడు. 2006లో ఆయన చనిపోయేదాకా అవి పనిచేశాయి.

ఇప్పుడు దంతవైద్యులు మత్తు సూది వేసి, దవడ ఎముకలో మర బిగిస్తారు. ఎముక దాన్ని పట్టుకోవటానికి సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది. తరవాత దానిపైన పన్ను ఆకారంలో తొడుగు పెడతారు.

మరి, పిల్లలకు కూడా ఇలా చెయ్యవచ్చునా? సాధారణంగా చెయ్యరు. మీ దవడ ఇంకా పెరుగుతున్నది. దానితోపాటు పక్కపళ్ళూ జరుగుతాయి. నాటిన మర మాత్రం ఉన్నచోటనే ఉండిపోతుంది. అందుచేత ఎదుగుదల పూర్తి అయేదాకా ఆగాలి.

కనక, దెబ్బ తగిలి శాశ్వతమైన పన్ను వేరుతో సహా ఊడివస్తే పారెయ్యకండి! వేరు ముట్టుకోక, తెల్లని పైభాగం పట్టుకోండి. రుద్దకండి. చల్లని పాలలో వేసి, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెంటనే దంతవైద్యుడి దగ్గిరికి వెళ్ళండి. అరగంటలోగా అయితే మరీ మంచిది. ఆ పన్నే తిరిగి అతుక్కోవచ్చు.

టైటానియం ఎంత గొప్పదైనా సొంత పన్నుకు సాటిరాదు. ఇకమీదట చెరుకును పెద్దవాళ్ళచేత ముక్కలు కొట్టించుకుని తినండి. తిన్నాక నోరు పుక్కిలించటం మరవకండి!